స్టార్ ప్లేయర్ బోనెక్కితే జడ్జి మనసు ఎందుకు కరుగుతుంది

బ్రాక్ టర్నర్ అనే పేరు చాలామందికి గుర్తుండే ఉంటుంది. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ స్విమ్మర్, వయసు 19, ఒహాయో నుంచి ఈత స్కాలర్‌షిప్ మీద వచ్చిన ఫస్టియర్ కుర్రాడు. 2015 జనవరి 18న అర్ధరాత్రి దాటాక, క్యాంపస్‌లో ఒక ఫ్రెటర్నిటీ (మగ స్టూడెంట్ల క్లబ్బు) పార్టీ జరిగిన ఇంటి బయట, చెత్త డంప్‌స్టర్ వెనకాల, ఒంటి మీద స్పృహ లేని ఒక అమ్మాయి మీద అఘాయిత్యం చేస్తుంటే, సైకిళ్ళ మీద అటుగా వెళ్తున్న ఇద్దరు స్వీడన్ స్టూడెంట్లు చూశారు, పారిపోబోతే వెంటపడి పట్టుకుని పోలీసులు వచ్చేదాకా కదలనివ్వలేదు. ఇలాంటి కేసుల్లో కళ్ళారా చూసిన సాక్షి ఒక్కడు దొరకడమే గగనం, ఇక్కడ ఏకంగా ఇద్దరు, అదీ ఇద్దరికీ ఎవరితోనూ ఏ సంబంధమూ లేదు.

తనకి ఏం జరిగిందో ఆ అమ్మాయికి వివరంగా తెలిసింది ఎవరో చెప్తే కాదు, ఆఫీసులో కూర్చుని ఫోన్ చూస్తుంటే ఒక వార్త కనపడి. తన ఒంటికి జరిగిందంతా అందులో చదివాక, అదే వార్త చివర్లో అతని ఈత టైమింగులు కూడా ఉన్నాయట. ఎన్ని గజాలు ఎన్ని సెకన్లలో ఈదాడు అనేది. కోర్టులో ఆమె చదివిన స్టేట్‌మెంట్లో ఈ ముక్క ఉంది, లక్షలమంది చదివారు దాన్ని. కాలేజీ ఆటగాళ్ళకి కోర్టులు మెతగ్గా ఉంటాయా అనే గొడవంతా నిజానికి ఆ టైమింగుల దగ్గరే ఉంది. నేరం వార్తలో ఈత లెక్కలకి ఏం పని? అదే వయసు కుర్రాడు పిజ్జా డెలివరీ చేసేవాడైతే వార్త కింద నెలకి ఎన్ని పిజ్జాలు ఇచ్చాడో రాస్తారా?

2016 మార్చిలో జ్యూరీ మూడు ఫెలనీల్లో, అంటే పెద్ద నేరాల్లో, దోషి అని తేల్చింది. లెక్కప్రకారం 14 ఏళ్ళ దాకా వెయ్యొచ్చు, ప్రాసిక్యూటర్లు 6 ఏళ్ళు అడిగారు. జూన్ 2న జడ్జి ఆరన్ పర్స్కీ వేసింది ఆరు నెలలు, అదీ కౌంటీ జైల్లో, పైన మూడేళ్ళ ప్రొబేషన్ (బయటే ఉంటూ ఆఫీసర్ల నిఘాలో గడపడం). సెక్స్ అఫెండర్ల లిస్టులో పేరు మాత్రం జీవితాంతం ఉంటుంది. బుద్ధిగా ఉంటే సగం కొట్టేసే రూల్ ఉంది కాబట్టి సెప్టెంబర్ 2కల్లా బయటికొచ్చేశాడు, మూడు నెలలు అన్నమాట. జడ్జి చెప్పిన కారణం, పెద్ద జైలుకి పంపితే ఈ కుర్రాడి మీద తీవ్రమైన ప్రభావం పడుతుందని, ఇతనివల్ల ఇంకొకళ్ళకి ప్రమాదం ఉంటుందని తను అనుకోవట్లేదని. తండ్రి జడ్జికి రాసిన ఉత్తరంలో అయితే, ఇరవై ఏళ్ళ జీవితంలో ఇరవై నిమిషాల పనికి చాలా పెద్ద మూల్యం చెల్లిస్తున్నాడు మావాడు అన్న అర్థంలో రాశాడు. ఆ ఇరవై నిమిషాల మాటే కొంప ముంచింది, శిక్ష కన్నా అదే ఎక్కువ తిరిగింది జనం నోళ్ళలో.

ఇక్కడ కొంచెం ఆగి చూడాల్సిన విషయం ఒకటుంది, తిట్టేటప్పుడు చాలామంది వదిలేసేది. ఆ శిక్ష జడ్జి గాల్లోంచి తీసుకొచ్చింది కాదు. ప్రొబేషన్ డిపార్ట్‌మెంట్ ఇచ్చిన రిపోర్టే కౌంటీ జైలు, ప్రొబేషన్ చాలు అని సిఫార్సు చేసింది, ఆ రిపోర్టులోనే కష్టపడి సంపాదించుకున్న స్విమ్మింగ్ స్కాలర్‌షిప్ వదులుకోవాల్సి వచ్చింది కదా అని రాశారు. అంటే జడ్జి కుర్చీ దాకా రాకముందే, ఒక గవర్నమెంట్ ఆఫీసులో కూర్చున్న ఉద్యోగి, పోయిన స్కాలర్‌షిప్‌ని శిక్షలో కొంత భాగంగా జమ కట్టేశారు. స్కాలర్‌షిప్ ఉన్నవాడికే ఆ జమ, లేనివాడికి పోగొట్టుకోడానికి ఏమీ లేదు కాబట్టి లెక్కలో సున్నా. కొత్తగా చూస్తే విచిత్రంగా ఉంటుంది గానీ అమెరికాలో శిక్ష వేసే పద్ధతిలో ఇది మామూలే, వయసెంత, పాత కేసులున్నాయా, చదువుకుంటున్నాడా, ఇంట్లోవాళ్ళు అండగా ఉన్నారా, ఊళ్ళో ఎవరైనా మంచివాడని ఉత్తరం రాస్తారా, ఇవన్నీ చూస్తారు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే తప్పేం లేదు, మొదటిసారి తప్పు చేసిన 19 ఏళ్ళ వాణ్ణి కరుడుగట్టిన నేరస్తుడితో సమానంగా చూడాలని ఎవరూ అనరు. కానీ అన్నీ కలిపి చూస్తే ఆ లిస్టు మొత్తం కాలేజీ ఆటగాడికి కొలతలు తీసి కుట్టిన చొక్కాలా ఉంటుంది. కోచ్ ఉత్తరం రాస్తాడు, ప్రొఫెసర్ రాస్తాడు, చిన్నప్పటి స్విమ్మింగ్ క్లబ్ వాళ్ళు రాస్తారు.

ఈ గొడవలో అందరి కళ్ళూ జడ్జి మీదే ఉంటాయి, ఎందుకంటే జడ్జి నోటితో చెప్తాడు, రికార్డవుతుంది, కెమెరాకి దొరుకుతాడు. కానీ అసలు దయ కురిసేది చాలావరకు అంతకుముందే, కోర్టు మెట్లెక్కక ముందే. 1998లో ఒరెగాన్‌లో బ్రెండా ట్రేసీ అనే ఆవిడ, తన మీద నలుగురు అత్యాచారం చేశారని కంప్లైంట్ ఇచ్చింది, అందులో ఇద్దరు ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ ప్లేయర్లు. (ఫుట్‌బాల్ అంటే వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్, చేత్తో పట్టుకుని పరిగెత్తేది.) కేసు కోర్టు దాకా వెళ్ళనే లేదు. ఆ ఇద్దరికీ కాలేజీ వేసిన శిక్ష 25 గంటల కమ్యూనిటీ సర్వీస్, కోచ్ మైక్ రైలీ వేసింది ఒక్క మ్యాచ్ సస్పెన్షన్. మంచి కుర్రాళ్ళే, ఒక తప్పు నిర్ణయం తీసుకున్నారు అన్నట్టు ఆయన మాట్లాడాడు అప్పట్లో. ఆవిడ 2014లో తన పేరుతో బయటికొచ్చి మాట్లాడేసరికి తెలిసింది, పోలీసులు సేకరించిన ఆధారాల కిట్‌ని కనీసం టెస్ట్ కూడా చెయ్యకుండా పారేశారని. ఈ కథలో జడ్జి ఎక్కడున్నాడు? లేడు. జడ్జి లేకుండానే అంతా అయిపోయింది. (ఆ తర్వాత 2016లో అదే రైలీ నెబ్రాస్కాలో కోచ్‌గా ఉన్నప్పుడు ఆవిణ్ణి పిలిచి తన టీమ్ ముందు మాట్లాడించాడు, ఆవిడ వెళ్ళింది కూడా. అది వేరే కథ.)

ఆటగాళ్ళ మీద వచ్చిన లైంగిక దాడి కంప్లైంట్లు 217 తీసుకుని 1990ల్లో చేసిన ఒక పరిశీలన ఉంది, 1986 నుంచి 1995 మధ్య కేసులు. అందులో 172 మంది అరెస్టయ్యారు. అంటే మామూలు జనం మీద వచ్చే కంప్లైంట్లతో పోలిస్తే ఆటగాళ్ళు అరెస్టయ్యేది ఎక్కువే, పోలీసులు చూసీ చూడనట్టు వదిలేస్తారు అనే మాట ఆ లెక్కల్లో నిలబడదు. కానీ అరెస్టయ్యాక శిక్ష పడేది మాత్రం మామూలు వాళ్ళకన్నా బాగా తక్కువ. మధ్యలో ఏమవుతోంది అన్నదే ప్రశ్న. 2015లో ఈఎస్‌పీఎన్ పది యూనివర్సిటీ ఊళ్ళ పోలీసు రికార్డులు తవ్వినప్పుడు కూడా, ఫ్లారిడాలోని రెండు పెద్ద ఫుట్‌బాల్ ఊళ్ళు టాలహాసీ, గెయిన్స్‌విల్‌లలో ఆటగాళ్ళ మీద కేసులు ఎగిరిపోవడం అదే వయసు మగపిల్లల కన్నా ఎక్కువ అని తేలింది. కారణాలు చూస్తే సినిమాలో చూపించినట్టు డబ్బు కవర్లేమీ కాదు, ఫోన్ చెయ్యగానే వాలిపోయే మంచి లాయరు, ఊరంతా టీమ్ అభిమానులే కావడంతో కంప్లైంట్ ఇచ్చినవాళ్ళే భయపడి వెనక్కి తగ్గడం, సాక్షులు మాకెందుకులే అనుకోవడం. ఎవరూ ఏ రూలూ మీరలేదు, అందరూ కొంచెం కొంచెం పక్కకి జరిగారు, అంతే.

ఫుట్‌బాల్ ఊరు అంటే ఏంటో తెలియకపోతే ఇది అర్థం కావడం కష్టం. నెబ్రాస్కాలో మ్యాచ్ రోజు స్టేడియంలో కూర్చున్న జనాన్ని లెక్కపెడితే అది రాష్ట్రంలో మూడో పెద్ద ఊరు అని వాళ్ళే జోకులేసుకుంటారు. జిల్లా ప్రాసిక్యూటర్‌ని ఎన్నుకునేది ఆ జనమే, చాలా రాష్ట్రాల్లో జడ్జిని ఎన్నుకునేదీ ఆ జనమే, జ్యూరీలో కూర్చునేదీ వాళ్ళే. మనకి జడ్జి అంటే పరీక్ష రాసో, పైనుంచి నియమిస్తేనో వచ్చే మనిషి కాబట్టి ఈ ఓట్ల సంగతి వింతగా ఉంటుంది, కానీ వీళ్ళ గొడవలో సగం అదే.

ఆ నెబ్రాస్కాదే ఒక పాత కేసు, ఇప్పటికీ ఈ చర్చ వస్తే జనం ఎత్తేది. లారెన్స్ ఫిలిప్స్, 1995లో దేశంలోనే పేరున్న రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ప్లేయర్). ఆ సెప్టెంబర్లో పాత గర్ల్‌ఫ్రెండ్ మీద దాడి చేశాడు. మిస్‌డిమీనర్ (చిన్న నేరం) కింద నో కాంటెస్ట్, అంటే ఒప్పుకోను గానీ వాదించను, అన్నాడు, ప్రొబేషన్ పడింది. కోచ్ టామ్ ఆస్బర్న్ ఆరు మ్యాచ్‌లు కూర్చోబెట్టి మళ్ళీ టీమ్‌లోకి తీసుకున్నాడు. ఆయన వాదన ఏంటంటే, వీడు ఇల్లూ వాకిలీ సరిగ్గా లేకుండా పెరిగిన పిల్లాడు, వీడి జీవితంలో క్రమశిక్షణ అనేది ఏదైనా ఉందంటే అది ఫుట్‌బాల్ ఒక్కటే, అది కూడా లాగేస్తే వీడు పూర్తిగా పోతాడు అని. వినడానికి చెడ్డ వాదన కాదు, ఆస్బర్న్ చెడ్డ మనిషి కూడా కాదు, కానీ 1996 జనవరి 2న ఫియెస్టా బౌల్‌లో నెబ్రాస్కా 62-24తో ఫ్లారిడాని ఓడించి నేషనల్ ఛాంపియన్ అయినప్పుడు ఫిలిప్స్ 165 గజాలు పరిగెత్తాడు, అది చూశాక ఆ వాదనలో పిల్లాడి మీద ప్రేమ ఎంత, ట్రోఫీ మీద ప్రేమ ఎంత అని జనం అడక్కుండా ఎలా ఉంటారు. ఆ ఏప్రిల్‌లో ఎన్‌ఎఫ్‌ఎల్ (జీతమిచ్చి ఆడించే పెద్ద లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు వంతులవారీగా కొత్త ప్లేయర్లని ఎంచుకునే చోట, ఆరో నంబర్లో తీసుకున్నారు. ఆ తర్వాత ఒక టీమ్ నుంచి ఇంకో టీమ్, కేసు మీద కేసు, 2005లో గొడవపడ్డ కుర్రాళ్ళ మీదకి కారు తోలాడు, మొత్తం కలిపి ముప్పై ఏళ్ళ పైన శిక్ష పడింది, 2016 జనవరిలో కాలిఫోర్నియా జైల్లో తన సెల్లోనే ప్రాణం తీసుకున్నాడు. మొక్కై వంగనిది మానై వంగునా అనేసి చేతులు దులుపుకోవచ్చు గానీ ఇక్కడ మొక్కని వంచే ప్రయత్నం ఎవరైనా చేశారా అన్నదే అనుమానం, పరిగెత్తినంతకాలం పరిగెత్తించారు.

వర్జీనియా యూనివర్సిటీలో లక్రాస్ (వల కట్టిన కర్రలతో ఆడే బంతాట) ఆడిన జార్జ్ హ్యూగ్లీ కేసు ఇంకో రకం. 2008లో తాగి పోలీసుల మీద తిరగబడితే టేజర్ (కరెంటు షాకిచ్చే తుపాకీ) వాడాల్సి వచ్చింది, జైలు శిక్ష సస్పెండ్ చేసి ప్రొబేషన్‌తో వదిలారు, ఆ విషయం యూనివర్సిటీకి తెలియనే తెలియదు. 2010 మేలో మాజీ గర్ల్‌ఫ్రెండ్ యార్డ్‌లీ లవ్‌ని, ఆమె కూడా లక్రాస్ ప్లేయరే, చంపేశాడు. దాని మీద 23 ఏళ్ళు పడింది. మొదటి కేసులో జడ్జి చేసింది తప్పని ఇప్పుడు చెప్పడం తేలిక, అప్పుడు అది తాగిన కుర్రాడి ఆకతాయితనమే.

ఓక్లహోమా యూనివర్సిటీ ఫుట్‌బాల్ ప్లేయర్ జో మిక్సన్ కేసు చూస్తే వీడియో అనేది జనం నీతిని ఎలా మారుస్తుందో తెలుస్తుంది. 2014 జూలైలో నార్మన్ ఊళ్ళో ఒక అమ్మాయిని పిడిగుద్దు గుద్దితే మొహంలో ఎముకలు విరిగాయి. తప్పు ఒప్పుకోకుండా, సాక్ష్యాలు నాకు వ్యతిరేకంగా ఉన్నాయని మాత్రం ఒప్పుకునే ఆల్ఫర్డ్ ప్లీ అని ఒకటుంది, అది పెట్టాడు. ఏడాది డిఫర్డ్ సెంటెన్స్ (శిక్ష వెయ్యకుండా ఆపి, బుద్ధిగా ఉంటే వదిలేసేది), 100 గంటల కమ్యూనిటీ సర్వీస్. యూనివర్సిటీ ఒక సీజన్ పక్కన పెట్టింది, స్కాలర్‌షిప్ అలాగే ఉంది. అప్పుడు పెద్ద గొడవేం కాలేదు. 2016 డిసెంబర్లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన పోరాటం తర్వాత సెక్యూరిటీ కెమెరా వీడియో బయటికొచ్చింది, అప్పుడు దేశం దేశమే ఊగిపోయింది, కోచ్ బాబ్ స్టూప్స్ ఇప్పుడైతే ఇది సరిపోయే శిక్ష కాదు అన్నట్టు మాట మార్చాడు. జరిగింది అదే, పడ్డ దెబ్బ అదే, రెండేళ్ళ ముందు కోచ్‌కి, ప్రాసిక్యూటర్లకి ఆ వీడియోలో ఏముందో తెలుసు. జనం చూడటం ఒక్కటే కొత్త. నాలుగు నెలలకి ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్ సిన్సినాటీ రెండో రౌండ్లో తీసుకుంది.

మరి శిక్ష గట్టిగా పడ్డ ఆటగాళ్ళు లేరా అంటే ఉన్నారు. టర్నర్ తీర్పు వచ్చిన కొన్ని వారాలకే, 2016 జూలైలో, టెనెస్సీలో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ మాజీ ఫుట్‌బాల్ ప్లేయర్ కోరీ బేటీకి 15 ఏళ్ళు పడింది. స్పృహలో లేని అమ్మాయి మీద హాస్టల్ గదిలో జరిగిన సామూహిక అత్యాచారం, నేరం జరిగినప్పుడు అతనికీ 19 ఏళ్ళే. ఒకడు తెల్లవాడు, స్టాన్‌ఫర్డ్, ఈత, ఆరు నెలలు. ఇంకొకడు నల్లవాడు, ఫుట్‌బాల్, పదిహేనేళ్ళు. రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టి అమెరికా అంతా షేర్ చేసింది. న్యాయంగా చెప్పాలంటే ఆ పోలిక అంత సూటిగా కుదరదు, నిరూపణ అయిన నేరాలు వేరు, పైగా టెనెస్సీ చట్టంలో ఆ నేరానికి కనీస శిక్షే 15 ఏళ్ళు, జడ్జి తగ్గించాలనుకున్నా చట్టం ఒప్పుకోదు. అదే కేసులో అదే టీమ్‌లో ఆడిన బ్రాండన్ వాండెన్‌బర్గ్‌కి 17 పడింది. కాలిఫోర్నియాలో అప్పటికి ఉన్న చట్టంలో మాత్రం, బలవంతంగా చేస్తే జైలు తప్పనిసరి, బాధితురాలు స్పృహలో లేకపోతే ప్రొబేషన్ ఇవ్వొచ్చు అనే కంత ఒకటి ఉండేది. స్పృహ లేకపోవడం వల్ల నేరం చిన్నదైపోయినట్టు. ఆ కంతలోంచే టర్నర్ బయటపడ్డాడు.

ఇంకా గట్టి పోలిక కావాలంటే బ్రయన్ బ్యాంక్స్ దగ్గరికి వెళ్ళాలి. 2002లో లాంగ్‌బీచ్ హైస్కూల్ ఫుట్‌బాల్ ప్లేయర్, 16 ఏళ్ళు, పెద్ద యూనివర్సిటీ నుంచి స్కాలర్‌షిప్ మాట వచ్చి ఉంది. తోటి విద్యార్థిని అబద్ధపు కేసు పెట్టింది. పెద్దవాళ్ళ కోర్టులో పెట్టారు, ఓడిపోతే 41 ఏళ్ళ నుంచి యావజ్జీవం దాకా అన్నారు, ఆ భయంతో చెయ్యని నేరానికి నో కాంటెస్ట్ పెట్టాడు. ఐదేళ్ళ పైన జైల్లో ఉన్నాడు, 2012 మేలో నిర్దోషి అని కొట్టేశారు. అతనికి ఉజ్వల భవిష్యత్తు లేదా? స్కాలర్‌షిప్ ఉంది, ఆట ఉంది, వయసు ఇంకా చిన్నది. కానీ ఆటగాడు అయినంత మాత్రాన దయ రాలేదు, ఆటతోపాటు బెయిల్ కట్టగల ఇల్లు, విచారణ దాకా నిలబడే లాయరు, జడ్జికి తన చిన్నతనం గుర్తొచ్చే మొహం, ఇవి కూడా ఉండాలి. పర్స్కీ కూడా స్టాన్‌ఫర్డ్‌లోనే చదివాడు, అక్కడ లక్రాస్ క్లబ్ టీమ్ కెప్టెన్. దానివల్ల పక్షపాతం చూపించాడని రుజువేం లేదు, విచారించిన కమిషన్ 2016 డిసెంబర్లో తప్పేమీ లేదని తేల్చింది. కానీ ఎదురుగా నిలబడ్డ కుర్రాడి జీవితం జైల్లో ఎలా నాశనమవుతుందో ఊహించుకోడానికి ఆ జడ్జి పెద్దగా కష్టపడాల్సిన పని లేదు కదా.

జడ్జిలు కూడా అభిమానులే అనడానికి ఒక పక్కా లెక్క ఉంది. లూసియానాలో 1996 నుంచి 2012 దాకా బాలనేరస్తుల కేసులు తీసుకుని ఇద్దరు ఆర్థికవేత్తలు, ఎరెన్, మోకాన్, చూశారు. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఫుట్‌బాల్ టీమ్ గెలవాల్సిన మ్యాచ్ అనుకోకుండా ఓడిపోతే, ఆ తర్వాతి వారం జడ్జిలు పిల్లలకి వేసే శిక్షలు పెరిగాయి. ఎల్‌ఎస్‌యూలో డిగ్రీ చేసిన జడ్జిల్లో ఇది ఇంకా ఎక్కువ. ఆ కోపం ఎక్కువగా పడింది నల్లజాతి పిల్లల మీద. శనివారం మైదానంలో బంతి జారిపోతే, సోమవారం కోర్టులో ఎవరో పిల్లాడు ఎక్కువ రోజులు లోపల ఉండాలి. ఆటగాళ్ళ మీద మెతకదనం గురించి వాదించేవాళ్ళు ఈ స్టడీని ఎందుకు పట్టించుకోరో తెలియదు గానీ ఆట కోర్టులోకి ఎంత లోతుగా చొరబడిందో దీనికన్నా బాగా చెప్పేది ఇంకొకటి లేదు.

టర్నర్ తీర్పు మీద కోపం ఊరికే పోలేదు. 2016 సెప్టెంబర్ 30న గవర్నర్ జెర్రీ బ్రౌన్ కొత్త చట్టం మీద సంతకం పెట్టాడు, స్పృహలో లేనివాళ్ళ మీద లైంగిక దాడి చేస్తే ప్రొబేషన్ కుదరదు, జైలే. పాత కంత మూసేశారు. రెండోది, స్టాన్‌ఫర్డ్ లా ప్రొఫెసర్ మిషెల్ డౌబర్ ముందుండి నడిపిన రికాల్. కాలిఫోర్నియాలో జడ్జిని జనం ఓటేసి మధ్యలోనే దించేయొచ్చు, సంతకాలు సేకరించాలి, తర్వాత ఎన్నిక. 2018 జూన్ 5న శాంటా క్లారా కౌంటీలో 60 శాతానికి పైగా ఓటర్లు దించేయమన్నారు, 1932 తర్వాత ఆ రాష్ట్రంలో జడ్జిని అలా దించడం అదే మొదటిసారి. సన్నీవేల్, కూపర్టినో, శాన్ హోజే అన్నీ ఆ కౌంటీలోవే, కాబట్టి అక్కడ సిటిజన్‌షిప్ వచ్చిన మన తెలుగువాళ్ళ చేతిలో కూడా ఆ బ్యాలెట్ పేపర్ పడింది. పర్స్కీ ఇంకో ఇద్దరు ఫుట్‌బాల్ కుర్రాళ్ళకి గృహహింస కేసుల్లో ఆటకి అడ్డం రాకుండా సర్దాడని, ఒకడికైతే హవాయి వెళ్ళి ఆడుకునేలా శిక్ష వాయిదా వేశాడని ప్రచారంలో గట్టిగా చెప్పారు.

విచిత్రం ఏంటంటే టర్నర్ మీద కేసు నడిపిన జిల్లా ప్రాసిక్యూటర్ జెఫ్ రోసెన్, ఆరు నెలలు చాలా తక్కువ అని బాహాటంగా అన్నాడు, చట్టం మార్చడానికి తనే పూనుకున్నాడు, కానీ రికాల్ మాత్రం వద్దన్నాడు. అదే కౌంటీలో జడ్జిగా చేసి రిటైరైన లాడోరిస్ కార్డెల్, నల్లజాతి మహిళ, రికాల్‌కి వ్యతిరేకంగా ఊరూరా తిరిగి మాట్లాడింది. డబ్బులేని వాళ్ళ తరఫున వాదించే పబ్లిక్ డిఫెండర్లు చాలామంది అటే. వాళ్ళ భయం సింపుల్, మెతగ్గా ఉంటే ఉద్యోగం పోతుందని జడ్జిలకి తెలిస్తే, రేపటినుంచి గట్టిగా వేస్తారు, రోజూ కోర్టుకొచ్చేది స్టాన్‌ఫర్డ్ స్విమ్మర్లు కాదు, పేదవాళ్ళు, నల్లవాళ్ళు, లాటినోలు, దెబ్బ వాళ్ళకే. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అన్నమాట. ఆ భయం ఉత్తిదేం కాదని తర్వాత తేలింది, గోర్డన్, యింటిసో అనే ఇద్దరు పరిశోధకులు కాలిఫోర్నియాలో ఆరు కౌంటీల తీర్పులు చూస్తే, రికాల్ పెడతామని ప్రకటించిన వెంటనే, అంటే ఓటింగ్ కూడా కాకముందే, శిక్షలు దాదాపు 30 శాతం పెరిగాయని లెక్క వచ్చింది.

డౌబర్ వైపు వాదన కూడా తీసిపారేసేది కాదు. బయటి ప్రపంచంలో లైంగిక దాడిని చూసే చూపు మారాలంటే ఎవరో ఒక జడ్జి కుర్చీ కదలాల్సిందే, యాభై ఏళ్ళు మర్యాదగా అడిగితే ఏం మారింది అని వాళ్ళడుగుతారు. దానికి జవాబు చెప్పడం అంత తేలిక కాదు. కాకపోతే ఆ కోపం ఒక మనిషి మీద తీరిపోయింది, సిఫార్సు రాసిన ఆఫీసు, ఈత టైమింగులు రాసిన పత్రిక, కేసులు మధ్యలో కరిగిపోయే ఫుట్‌బాల్ ఊళ్ళు, ఏవీ ఆ బ్యాలెట్ మీద లేవు.

జనం కోపం తప్పు వైపు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి కాబట్టి జాగ్రత్త అవసరం. 2006లో డ్యూక్ యూనివర్సిటీ లక్రాస్ టీమ్ కుర్రాళ్ళు ముగ్గురి మీద అత్యాచారం కేసు, ఎన్నికల్లో నిలబడ్డ ప్రాసిక్యూటర్ మైక్ నైఫాంగ్ టీవీల్లో రెచ్చిపోయాడు. 2007 ఏప్రిల్‌లో రాష్ట్ర అటార్నీ జనరల్ ఆ ముగ్గురూ నిర్దోషులని ప్రకటించాడు, నైఫాంగ్ లాయర్ లైసెన్సే పోయింది. ఇంకా దగ్గరిది, ఇలినాయ్ బాస్కెట్‌బాల్ ప్లేయర్ టెరెన్స్ షానన్. కాన్సస్‌లో అత్యాచారం కేసు పడింది, యూనివర్సిటీ సస్పెండ్ చేసింది, 2024 జనవరిలో ఫెడరల్ జడ్జి కొలీన్ లాలెస్ ఆ సస్పెన్షన్ ఆపి మళ్ళీ ఆడనివ్వమంది, అతను పోగొట్టుకునే సంపాదన, ఎన్‌బీఏ డ్రాఫ్ట్ అవకాశం కూడా ఆ తీర్పులో లెక్కలోకి వచ్చాయి. ఇదిగో మళ్ళీ స్టార్‌కి దయ అని చాలామంది విరుచుకుపడ్డారు. జూన్‌లో జ్యూరీ నిర్దోషి అంది, అదే నెల డ్రాఫ్ట్‌లో 27వ నంబర్లో మిన్నెసోటా తీసుకుంది. దోషి అని తేలకముందు భవిష్యత్తుని లెక్కలోకి తీసుకోవడం ఒకటి, తేలాక తీసుకోవడం ఇంకొకటి, కామెంట్లు పెట్టేవాళ్ళు ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తుంటారు. పక్కన డబ్బుల్లేని కుర్రాడు నిరపరాధి అయినా ఆ ఆరు నెలలూ కాలేజీకి దూరంగా కూర్చోవాల్సిందే, వాడి తరఫున ఫెడరల్ కోర్టుకి వెళ్ళేదెవరు?

మన దగ్గర ఆటగాడి ప్లేసులో ర్యాంకర్ ఉంటాడు, తేడా అంతే. 2021 ఆగస్టులో గువాహటి హైకోర్టు, అత్యాచారం కేసులో నిందితుడైన ఐఐటీ విద్యార్థికి బెయిల్ ఇస్తూ, ఇద్దరూ ప్రతిభ ఉన్నవాళ్ళు, రాష్ట్రానికి భవిష్యత్ ఆస్తులు అంది. ఈత టైమింగుల బదులు జేఈఈ ర్యాంకు.

ఇప్పుడు కాలేజీ ఆటల్లో డబ్బు నేరుగా వచ్చేసింది. 2021 జూలై నుంచి ప్లేయర్లు తమ పేరు, బొమ్మ అమ్ముకోవచ్చు, 2025 సెటిల్‌మెంట్ తర్వాత ఒక్కో యూనివర్సిటీ ఏడాదికి 2 కోట్ల డాలర్ల పైచిలుకు ప్లేయర్లకి పంచొచ్చు. ఇన్నాళ్ళూ పాపం స్టూడెంట్, చదువు పోతుంది అని వాదించిన లాయర్లు ఇప్పుడు కాంట్రాక్టు పోతుంది అనాలి, వినడానికి అంత జాలిగా ఉండదు. 2023 జనవరిలో జార్జియా టీమ్ ఛాంపియన్‌షిప్ సంబరాల రాత్రి కార్ల రేసులో ఒక ప్లేయర్, ఒక స్టాఫ్ మెంబర్ చనిపోయారు, రెండో కారు నడిపిన జేలెన్ కార్టర్‌కి రెండు మిస్‌డిమీనర్ల కింద పడింది ఏడాది ప్రొబేషన్, వెయ్యి డాలర్ల ఫైన్, 80 గంటల కమ్యూనిటీ సర్వీస్. ఆరు వారాలకి ఫిలడెల్ఫియా తొమ్మిదో నంబర్లో డ్రాఫ్ట్ చేసింది.

స్టాన్‌ఫర్డ్ కేసులో ఆ అమ్మాయి 2019 సెప్టెంబర్లో షానెల్ మిల్లర్ అని తన పేరుతో బయటికొచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే, పర్స్కీ శాన్ హోజేలో లిన్‌బ్రూక్ హైస్కూల్లో అమ్మాయిల జూనియర్ టెన్నిస్ కోచ్‌గా చేరాడని తల్లిదండ్రులకి తెలిసింది. స్కూల్ డిస్ట్రిక్ట్ ముందు అర్హతలున్నాయి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాసయ్యాడు అంది, పిటిషన్ మొదలయ్యాక కొద్దిరోజుల్లోనే తీసేసింది. రెండో అవకాశం అనే మాట ఆ పిటిషన్ దగ్గర ఎవరూ ఎత్తలేదు.